ప్రాయోగిక సంభావ్యత

ప్రాయోగిక సంభావ్యత అనగా ఒక ఘటన ఎన్నిసార్లు సంభవించిందో లెక్కించి, ఆ సంఖ్యను మొత్తం యత్నాల సంఖ్యతో భాగించగా వచ్చే భిన్నం. దీనిని ఆనుభవిక సంభావ్యత అనీ, సాపేక్ష పౌనఃపున్యం అనీ, ఆంగ్లంలో ఎంపిరికల్ ప్రాబబిలిటీ అనీ అంటారు. నాణెం బొమ్మ పడే సంభావ్యత సగం అని నాణేన్ని ఎగరవేయకుండానే చెప్పవచ్చు. కానీ పుట్టబోయే శిశువు ఆడపిల్ల కావడానికి, ఒక రైలు ఆలస్యంగా రావడానికి, జాబితాలో పేరున్న ఓటరు నిజంగా వచ్చి ఓటు వేయడానికి ఉన్న సంభావ్యతను ఆలోచనతో మాత్రమే తేల్చడం సాధ్యం కాదు. అటువంటి చోట గతంలో జరిగినదానిని లెక్కపెట్టడమే మార్గం.

లెక్కించే పద్ధతి చాలా సులభం, పాఠశాల విద్యార్థి కూడా చేయగలడు. వచ్చిన సంఖ్యను ఎంతవరకు నమ్మవచ్చుననేదే కష్టమైన ప్రశ్న. ఈ వ్యాసంలో ఆ ప్రశ్నకు ఎక్కువ ఉదాహరణలు మల్కాజ్‌గిరి లోక్‌సభ నియోజకవర్గం ఎన్నికల ఫలితాల నుండి తీసుకోబడ్డాయి. సికింద్రాబాదును ఆనుకొని ఉన్న ఈ నియోజకవర్గం 2008 నాటి పునర్విభజనలో ఏర్పడింది. ఓటర్ల సంఖ్య దృష్ట్యా ఇది దేశంలోనే అతి పెద్దది. ఇక్కడి లెక్కలు లక్షలలో ఉంటాయి, ప్రజలకు అందుబాటులో ఉంటాయి. అయినా అవి పాఠకుడిని తప్పుదారి పట్టించగలవు.

నిర్వచనం

ఒక యాదృచ్ఛిక ప్రయోగాన్ని ఒకే రకమైన పరిస్థితులలో పలుమార్లు చేశామనుకుందాం. ఒక్కొక్కసారి చేయడాన్ని యత్నం అంటారు. అప్పుడు,

ప్రాయోగిక సంభావ్యత = ఘటన సంభవించిన యత్నాల సంఖ్య ÷ మొత్తం యత్నాల సంఖ్య

ఉదాహరణకు ఒక ప్రయాణికుడు మల్కాజ్‌గిరి స్టేషనులో తాను ఎక్కే రైలు వచ్చిన వేళను 60 రోజులపాటు రాసిపెట్టుకున్నాడని, అందులో 12 రోజులు రైలు పది నిమిషాలకంటే ఎక్కువ ఆలస్యమైందని అనుకుందాం. ఆలస్యానికి ప్రాయోగిక సంభావ్యత 12 ÷ 60, అంటే 0.2. ఆలస్యం కాకపోవడానికి 48 ÷ 60, అంటే 0.8. రెండూ కలిపితే 1 వస్తుంది. ఏ ప్రాయోగిక సంభావ్యత అయినా 0 కంటే తక్కువగా గానీ, 1 కంటే ఎక్కువగా గానీ ఉండదు. పరస్పరం కలవని ఘటనల సంభావ్యతలను కూడవచ్చు. ఈ ధర్మాలన్నీ సైద్ధాంతిక సంభావ్యతకు ఉన్నవే.

ఒక్క భేదం మాత్రం ఉంది. 61వ రోజున రైలు ఆలస్యమైతే విలువ 13 ÷ 61, అంటే దాదాపు 0.213 అవుతుంది. ప్రాయోగిక సంభావ్యత ప్రతి యత్నంతోనూ మారుతుంది. కనుక ఇది ఘటనకు స్థిరంగా ఉన్న సంభావ్యత కాదు, ఆ సంభావ్యతకు వేసిన ఒక అంచనా.

సైద్ధాంతిక సంభావ్యతతో పోలిక

పర్యవసానాలన్నీ సమసంభవాలు అని ఊహించుకొని లెక్కించేది సైద్ధాంతిక సంభావ్యత. పాచిక ఆరు ముఖాలలో ఏదైనా ఒకటి పడే సంభావ్యత 1/6 అనడం ఇటువంటిదే. ఈ ఊహ నిజమో కాదో పరీక్షించడానికి చాలామంది ఓపికగా ప్రయోగాలు చేశారు. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు బ్యుఫాన్ చేయించిన 4,040 యత్నాలలో 2,048 సార్లు బొమ్మ పడింది. కార్ల్ పియర్సన్ 24,000 సార్లు ఎగరవేయగా 12,012 సార్లు బొమ్మ వచ్చింది. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో డెన్మార్కులో నిర్బంధంలో ఉన్న గణితవేత్త జాన్ కెరిచ్ కాలక్షేపానికి 10,000 సార్లు నాణెం ఎగరవేసి 5,067 బొమ్మలు లెక్కించాడు. ఈ మూడు ప్రయోగాలలోనూ విలువ సగానికి దగ్గరగానే వచ్చింది, కానీ దేనిలోనూ సరిగ్గా సగం రాలేదు.

పాచికల విషయంలో ఊహే ఓడిపోయింది. ఇంగ్లండుకు చెందిన జీవశాస్త్రజ్ఞుడు వెల్డన్ 1894 ప్రాంతంలో 12 పాచికలను 26,306 సార్లు వేశాడు, అంటే మొత్తం 3,15,672 పాచిక ఫలితాలు. వీటిలో 5 గానీ 6 గానీ పడినవి 1,06,602. ప్రాయోగిక సంభావ్యత 0.3377. సిద్ధాంతం ప్రకారం 0.3333 రావాలి. తేడా చూడడానికి చాలా చిన్నది. కానీ మూడు లక్షల యత్నాలలో అంత తేడా కేవలం యాదృచ్ఛికంగా రాదని పియర్సన్ 1900లో చూపాడు. చుక్కల కోసం ముఖాలను తొలిచిన పాచికలలో 5, 6 చుక్కలున్న వైపులు కొంచెం తేలికగా ఉండి పైకి తేలుతాయన్నది దీనికి సాధారణంగా చెప్పే కారణం. పాచిక సమంగా ఉందన్నది ఊహ మాత్రమే. అది ఎంత సమంగా ఉందో చెప్పగలిగినది లెక్కే.

జననాల విషయంలో మొదటినుంచీ లెక్క తప్ప మరో ఆధారం లేదు. లాప్లాస్ పరిశీలించిన పారిస్ నగరపు లెక్కలలో 1745 నుండి 1770 వరకు 2,51,527 మంది మగశిశువులు, 2,41,945 మంది ఆడశిశువులు ఉన్నారు. మగశిశువు పుట్టే ప్రాయోగిక సంభావ్యత 0.5097. సగానికి అతి దగ్గరే అయినా ఇది సగం కాదని లాప్లాస్ నిస్సందేహంగా తేల్చగలిగాడు. ఇటువంటి లెక్కే మన దేశంలో ఒక సామాజిక వాస్తవాన్ని బయటపెట్టింది. ఆరేళ్ళ లోపు పిల్లలలో ప్రతి 1000 మంది మగపిల్లలకు ఉన్న ఆడపిల్లల సంఖ్య ఉమ్మడి ఆంధ్ర ప్రదేశ్‌లో 2001 జనాభా లెక్కల ప్రకారం 961, 2011లో దాదాపు 940. ఆ వయసు పిల్లలలో యాదృచ్ఛికంగా ఎన్నుకున్న ఒకరు మగపిల్లవాడు అయ్యే సంభావ్యత 0.510 నుండి 0.515కు పెరిగిందన్నమాట. దశాంశంలో ఈ మార్పు కంటికి ఆనదు. అయితే లెక్కించబడినవారు లక్షలలో ఉన్నారు. అందువల్ల దీనిని యాదృచ్ఛికమని కొట్టివేయడం సాధ్యం కాదు.

చరిత్ర

లెక్కల నుండి సంభావ్యతను రాబట్టే ఆలోచన లండను నగరపు మరణాల పట్టికలను జాన్ గ్రాంట్ 1662లో విశ్లేషించడంతో మొదలైందని చెప్పవచ్చు. దీనికి గణిత పునాది వేసినవాడు స్విట్జర్లాండుకు చెందిన జాకబ్ బెర్నూలీ. యత్నాల సంఖ్య పెరిగేకొద్దీ సాపేక్ష పౌనఃపున్యం నిజమైన సంభావ్యత నుండి దూరంగా ఉండే అవకాశం ఎంతకైనా తగ్గుతుందని ఆయన నిరూపించాడు. ఇదే బృహత్ సంఖ్యా నియమం. ఇది ఆయన మరణానంతరం 1713లో ప్రచురితమైంది. నిరూపణతో ఆగక బెర్నూలీ ఒక ఉదాహరణ కూడా కట్టాడు. నిజమైన సంభావ్యత 3/5 అయిన చోట, అంచనా దానికి 1/50 లోపు ఉంటుందని వెయ్యికి ఒకటి పందెం కాయగలిగేంత నమ్మకం కావాలంటే 25,550 యత్నాలు చాలునని ఆయన లెక్క. తరువాత డి మాయివర్ 1733లో కనుగొన్న పద్ధతితో అంతకంటే చాలా తక్కువ యత్నాలు సరిపోతాయని తేలింది.

సంభావ్యత అంటేనే దీర్ఘకాల సాపేక్ష పౌనఃపున్యం అని 19వ శతాబ్దంలో జాన్ వెన్, 1919లో రిచర్డ్ ఫాన్ మీజెస్ వాదించారు. కొల్మొగొరోవ్ 1933లో స్వీకృతాల ఆధారంగా సిద్ధాంతాన్ని నిర్మించిన తరువాత, సంభావ్యత అంటే ఏమిటన్న తగవు గణితం నుండి తత్త్వశాస్త్రానికి మారింది.

ఈ చరిత్రలో ఒక ముఖ్యమైన మెట్టు తెలుగువాడిది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివి, 1941లో కలకత్తాలోని భారతీయ సాంఖ్యక సంస్థలో చేరిన కల్యంపూడి రాధాకృష్ణారావు (1920–2023) 1945లో ఒక ఫలితాన్ని ప్రచురించారు. ఉన్న దత్తాంశాల నుండి వేసే ఏ నిష్పాక్షిక అంచనా అయినా ఒక హద్దును మించి కచ్చితంగా ఉండజాలదని దాని సారాంశం. దీనిని క్రామెర్-రావు హద్దు అంటారు. సంభవించినవాటిని మొత్తంతో భాగించే మామూలు అంచనా సరిగ్గా ఈ హద్దు వద్దే ఉంటుంది. అంటే స్వతంత్ర యత్నాల నుండి ఒక సంభావ్యతను అంచనా వేయడానికి, పాఠశాలలో నేర్పే ఆ భాగహారం కంటే మెరుగైన నిష్పాక్షిక మార్గం లేదు.

హారం ఏది

2019 ఏప్రిల్ 11న జరిగిన లోక్‌సభ ఎన్నికలలో మల్కాజ్‌గిరి నుండి కాంగ్రెస్ అభ్యర్థి రేవంత్ రెడ్డి 6,03,748 ఓట్లతో గెలిచారు. తెలంగాణ రాష్ట్ర సమితి అభ్యర్థి మర్రి రాజశేఖర్ రెడ్డికి 5,92,829 ఓట్లు, భారతీయ జనతా పార్టీ అభ్యర్థి ఎన్. రామచందర్ రావుకు 3,04,282 ఓట్లు వచ్చాయి. ఆధిక్యం 10,919.

ఈ నియోజకవర్గంలో ఒక ఓటరు విజేతకు ఓటు వేసిన సంభావ్యత ఎంత? లవం 6,03,748. హారం మాత్రం ప్రశ్నను బట్టి మారుతుంది. పోలైన ఓట్లు సుమారు 15.63 లక్షలు, వాటితో భాగిస్తే 0.386. జాబితాలో ఉన్న ఓటర్లు సుమారు 31.5 లక్షలు, వారితో భాగిస్తే 0.192. మొదటిది ఓటు వేసినవారిలో ఒకరిని యాదృచ్ఛికంగా ఎన్నుకున్నప్పటి సంభావ్యత, రెండవది ఓటర్ల జాబితా నుండి ఎన్నుకున్నప్పటిది. రెండూ సరైనవే. ఒకదానిని చెప్పి రెండవదాని అర్థం ఇవ్వడమే తప్పు.

ఓటింగు శాతం విషయంలో ఇది మరింత స్పష్టంగా కనబడుతుంది. 2019లో మల్కాజ్‌గిరిలో దాదాపు 49.6 శాతం పోలింగు జరిగింది. జాబితాలోని ఒక పేరుకు ఎదురుగా ఓటు పడిన సంభావ్యత 0.496 అని దీని అర్థం. ఇక్కడి నివాసులలో సగం మందికి ఓటుపై ఆసక్తి లేదని చెప్పడం వేరే మాట. జాబితా పేర్ల లెక్క, మనుషుల లెక్క కాదు. ఇల్లు మారినవారు, మరణించినా పేరు తొలగించబడనివారు, రెండు చోట్ల పేరున్నవారు హారంలో ఉంటారు గానీ లవంలోకి రాలేరు. ఉపాధి కోసం వచ్చి స్థిరపడిన కుటుంబాలు ఎక్కువగా ఉన్న ప్రాంతంలో ఇటువంటి పేర్లు పల్లెలలో కంటే ఎక్కువ ఉండడం సహజం. దానికి తోడు 2019 ఏప్రిల్ 11న, 2024 మే 13న ఆంధ్ర ప్రదేశ్‌లో కూడా అదే రోజున పోలింగు జరిగింది. ఓటు వేయడానికి సొంత ఊరికి వెళ్ళిన వ్యక్తి పేరు ఇక్కడి జాబితాలో ఇంకా ఉంటే, లెక్కలో అతడు ఓటు వేయనివాడే. నగర ఓటర్ల నిర్లిప్తతపై ప్రతి ఎన్నికల తరువాత వచ్చే విమర్శలలో ఈ హారం సంగతి అరుదుగా కనబడుతుంది.

ఎన్ని యత్నాలు కావాలి

ప్రాయోగిక సంభావ్యత ఎంత కచ్చితమైనదో చెప్పే కొలమానం ప్రామాణిక దోషం. సంభావ్యతను, ఒకటిలోంచి దానిని తీసివేయగా మిగిలినదానితో గుణించి, యత్నాల సంఖ్యతో భాగించి, వర్గమూలం తీస్తే ఇది వస్తుంది. నిజమైన విలువ అంచనాకు ఇరువైపులా రెండు ప్రామాణిక దోషాల లోపు ఉంటుందని సుమారు 95 శాతం నమ్మకంతో చెప్పవచ్చు. సంభావ్యత సగానికి దగ్గరగా ఉన్నప్పుడు 100 యత్నాలకు ప్రామాణిక దోషం 0.05, 10,000 యత్నాలకు 0.005. కచ్చితత్వం పదిరెట్లు కావాలంటే శ్రమ నూరురెట్లు కావాలి. వర్గమూలం వల్ల వచ్చే ఈ ఖర్చును తప్పించుకొనే ఉపాయం లేదు, రావు చూపిన హద్దు చెప్పేది కూడా ఇదే.

పై 2019 ఫలితాన్నే తీసుకుందాం. మొదటి ఇద్దరు అభ్యర్థులకు వచ్చిన వాటాలు 0.386, 0.379. తేడా 0.007. ఓటు వేసి వస్తున్నవారిలో యాదృచ్ఛికంగా 1,000 మందిని అడిగి, అందరూ నిజమే చెప్పారనుకున్నా, ఆ రెండు వాటాల తేడాకు ప్రామాణిక దోషం దాదాపు 0.028 ఉంటుంది. ఇది అసలు తేడాకు నాలుగు రెట్లు. అటువంటి సర్వేలో నిజమైన విజేత ముందంజలో కనబడే అవకాశం 60 శాతం మాత్రమే. నాణెం ఎగరవేసి చెప్పడం కంటే ఇది పెద్దగా మెరుగు కాదు. 10,000 మందిని అడిగితే ఆ అవకాశం 79 శాతం అవుతుంది. తేడా రెండు ప్రామాణిక దోషాలకు సమానం కావాలంటే సుమారు 62,000 మందిని అడగాలి.

2024లో అదే నియోజకవర్గంలో భారతీయ జనతా పార్టీ అభ్యర్థి ఈటల రాజేందర్‌కు 9,91,042 ఓట్లు, కాంగ్రెస్ అభ్యర్థి పట్నం సునీతా మహేందర్ రెడ్డికి 5,99,567 ఓట్లు వచ్చాయి. వాటాలు సుమారు 51, 31 శాతం. ఇక్కడ తేడా రెండు ప్రామాణిక దోషాలు కావడానికి 80 మంది ఓటర్లు చాలు. కనుక సర్వేకు ఎంతమంది సరిపోతారన్న ప్రశ్నకు నియోజకవర్గం పరిమాణాన్ని బట్టి జవాబు చెప్పలేము. 37 లక్షలకు పైగా ఓటర్లున్న చోట 80 మంది చాలడమూ, అంతకంటే తక్కువ ఓటర్లున్న ఎన్నికలో 62,000 మంది అవసరం కావడమూ వింతగా తోచవచ్చు. మొత్తం ఓటర్ల సంఖ్యకు ఈ లెక్కలో దాదాపు పాత్ర లేదు. కొలవవలసిన తేడా ఎంత చిన్నదన్నదే ముఖ్యం.

ఈ లెక్కలన్నీ యత్నాలు స్వతంత్రాలు అన్న షరతుపై ఆధారపడతాయి. వాస్తవంలో సర్వే చేసేవారు కొన్ని పోలింగు కేంద్రాలను ఎంచుకొని ఒక్కొక్క చోట పలువురిని అడుగుతారు. ఒకే బస్తీవారి, ఒకే కాలనీవారి అభిప్రాయాలు తరచు ఒకదానికొకటి దగ్గరగా ఉంటాయి. ఒకే కేంద్రంలో 50 మందిని అడిగితే 50 స్వతంత్ర యత్నాల సమాచారం రాదు. అప్పుడు పైన చెప్పినదానికంటే ఎక్కువమంది అవసరం.

ఓట్ల లెక్కింపు రోజున టీవీలో కనబడే ఆధిక్యాలకు కూడా ఇదే వర్తిస్తుంది. ప్రతి శాసనసభ సెగ్మెంటు ఓట్లను సాధారణంగా 14 బల్లలపై, పోలింగు కేంద్రాల వరుస క్రమంలో, రౌండ్లుగా లెక్కిస్తారు. వరుస సంఖ్యలున్న కేంద్రాలు సామాన్యంగా ఇరుగుపొరుగువే. మొదటి మూడు రౌండ్లలో వేల ఓట్లు లెక్కించబడినా అవి ఆ సెగ్మెంటులో ఒక మూలకు చెందినవి కావచ్చు. సంఖ్య పెద్దదైనంత మాత్రాన అది యాదృచ్ఛిక ప్రతిరూపం కాదు.

లెక్క సున్నా అయినప్పుడు

ఒక ఘటన ఇంతవరకు ఒక్కసారి కూడా జరగకపోతే సూత్రం ప్రకారం దాని ప్రాయోగిక సంభావ్యత 0. కానీ 0 అనే సంభావ్యతకు అసంభవం అని అర్థం చెబుతారు. చిక్కు ఇక్కడ వస్తుంది.

మల్కాజ్‌గిరి లోక్‌సభ స్థానానికి మొదటి మూడు ఎన్నికలలో 2009లో కాంగ్రెస్ అభ్యర్థి సర్వే సత్యనారాయణ, 2014లో తెలుగుదేశం అభ్యర్థి మల్లారెడ్డి, 2019లో కాంగ్రెస్ అభ్యర్థి రేవంత్ రెడ్డి గెలిచారు. 2024 ఎన్నికలకు ముందు గెలుపులను లెక్కపెట్టి ఎవరైనా పట్టిక వేసి ఉంటే కాంగ్రెస్‌కు 2/3, తెలుగుదేశానికి 1/3, భారతీయ జనతా పార్టీకి 0 వచ్చేవి. ఆ ఎన్నికలో సున్నా వచ్చిన పార్టీయే 3,91,475 ఓట్ల ఆధిక్యంతో గెలిచింది. 1/3 వచ్చిన తెలుగుదేశం ఆ ఏడాది తెలంగాణలో లోక్‌సభ స్థానాలకు పోటీయే చేయలేదు.

సున్నా సమస్యకు లాప్లాస్ సూచించిన ఉపాయం ప్రతి పర్యవసానానికీ ఒకటి అదనంగా కలపడం. నాలుగు పార్టీలను పర్యవసానాలుగా తీసుకొని, 2024తో కలిపి జరిగిన నాలుగు ఎన్నికలను లెక్కిస్తే, కాంగ్రెస్‌కు (2 + 1) ÷ (4 + 4) = 3/8, తెలుగుదేశానికి, భారతీయ జనతా పార్టీకి చెరి 2/8, ఒక్కసారి కూడా గెలవని తెలంగాణ రాష్ట్ర సమితికి 1/8 వస్తాయి. 2022 నుండి భారత రాష్ట్ర సమితిగా పేరు మారిన ఈ పార్టీ 2019లో 0.7 శాతం తేడాతో మాత్రమే ఓడింది. దానికి సున్నా ఇవ్వడం కంటే 1/8 ఇవ్వడం సబబు. అయితే కలిపే సంఖ్య ఒకటే ఎందుకు, సగం ఎందుకు కాకూడదు అన్న ప్రశ్నకు లెక్కలలో జవాబు ఉండదు. అది లెక్కించేవాడి నిర్ణయం. యత్నాలు వేలలో ఉంటే ఈ నిర్ణయం వల్ల తేడా ఉండదు. నాలుగే ఉంటే సగం జవాబు లెక్కించేవాడిదే.

తప్పు కనబడకపోతే తప్పు లేనట్లేనా

సున్నా లెక్కకు సంబంధించిన మరొక ప్రశ్న 2019లో సుప్రీంకోర్టు వరకు వెళ్ళింది. ఎలక్ట్రానిక్ ఓటింగు యంత్రాల లెక్కను వీవీప్యాట్ కాగితపు చీటీలతో ఎన్ని యంత్రాలలో సరిపోల్చాలి అన్నది ఆ ప్రశ్న. ఎన్నికల సంఘం కోరగా భారతీయ సాంఖ్యక సంస్థకు చెందిన అభయ్ భట్, చెన్నై గణిత సంస్థకు చెందిన రాజీవ కరందీకర్ తదితరులు 2019 మార్చిలో నివేదిక ఇచ్చారు. దేశం మొత్తం మీద యాదృచ్ఛికంగా ఎంచుకున్న 479 యంత్రాలలో లెక్కలు సరిపోతే, లోపమున్న యంత్రాలు 2 శాతం కంటే తక్కువేనని 99.9936 శాతం నమ్మకంతో చెప్పవచ్చునని వారి నిర్ధారణ. దీనిని సరిచూడడం కష్టం కాదు. లోపాలు 2 శాతం ఉంటే ఒక యంత్రం సరిగ్గా ఉండే సంభావ్యత 0.98. అటువంటివి 479 వరుసగా తగిలే సంభావ్యత 0.98ని 479 సార్లు గుణించగా వచ్చే 0.000063. దానిని ఒకటిలోంచి తీసివేస్తే నివేదికలోని సంఖ్య వస్తుంది.

2019 ఏప్రిల్ 8న సుప్రీంకోర్టు ప్రతి శాసనసభ సెగ్మెంటులో ఐదు పోలింగు కేంద్రాల చీటీలను సరిపోల్చాలని ఆదేశించింది. అప్పటివరకు ఒక్కటే సరిపోల్చేవారు. మల్కాజ్‌గిరి లోక్‌సభ నియోజకవర్గంలో మేడ్చల్, మల్కాజ్‌గిరి, కుత్బుల్లాపూర్, కూకట్‌పల్లి, ఉప్పల్, ఎల్.బి.నగర్, సికింద్రాబాద్ కంటోన్మెంట్ అనే ఏడు సెగ్మెంట్లు ఉన్నాయి కనుక ఇక్కడ 35 కేంద్రాలు అవుతాయి.

దేశానికి 479 చాలునన్న లెక్కా, ఒక నియోజకవర్గంలో 35 చాలునా అన్న సందేహమూ రెండూ సరైనవే, ఎందుకంటే అవి వేరువేరు ప్రశ్నలు. ఒక్క నియోజకవర్గంలోనే 2 శాతం యంత్రాలలో లోపం ఉన్నదనుకుంటే, 35 యంత్రాలను పరీక్షించినా ఒక్కటీ పట్టుబడకపోయే సంభావ్యత 0.49. 35లో లోపాలేవీ కనబడకపోతే, అక్కడ లోపాలు 8 శాతాన్ని మించవని మాత్రమే 95 శాతం నమ్మకంతో చెప్పగలం. చిటికెలో లెక్క వేయడానికి సాంఖ్యకులు 'మూడు సూత్రం' వాడతారు. ఏదీ కనబడనప్పుడు 3ను యత్నాల సంఖ్యతో భాగిస్తే పైహద్దు సుమారుగా వస్తుంది. 3 ÷ 35 కూడా దాదాపు 0.086. ఈ లెక్క యంత్రాలలో లోపం ఉందని చెప్పదు. 35 పరీక్షలు ఎంతవరకు హామీ ఇవ్వగలవో మాత్రమే చెబుతుంది. ఓడిన అభ్యర్థికి దేశపు సగటుతో పని లేదు, తన నియోజకవర్గం లెక్కే కావాలి. ఆధిక్యం 0.7 శాతం అయిన చోట ఆ భేదం చిన్నది కాదు. ఔషధాల దుష్ఫలితాలు, వంతెనల వైఫల్యం వంటి అరుదైన ఘటనల లెక్కలలోనూ ఇదే తర్కం పనిచేస్తుంది.

పరిస్థితులు మారినప్పుడు

నిర్వచనంలోని 'ఒకే రకమైన పరిస్థితులలో' అన్న మాట నాణేలకు సులభంగా వర్తిస్తుంది. మనుషుల విషయంలో అది ఎప్పుడూ సందేహాస్పదమే. 2023 నవంబరు 30న జరిగిన తెలంగాణ శాసనసభ ఎన్నికలలో మల్కాజ్‌గిరి లోక్‌సభ పరిధిలోని ఏడు శాసనసభ స్థానాలనూ భారత రాష్ట్ర సమితి గెలుచుకుంది. ఏడింటికి ఏడు, ప్రాయోగిక సంభావ్యత 1. ఆరు నెలలు గడవకముందే 2024 మే 13న జరిగిన లోక్‌సభ పోలింగులో అదే ప్రాంతంలో ఆ పార్టీ అభ్యర్థి 3,00,486 ఓట్లతో మూడవ స్థానంలో నిలిచారు.

లెక్కలో తప్పు లేదు. ఏడు యత్నాలు అన్నది మాత్రం తప్పు. అవి ఒకే రోజున, ఒకే గాలిలో, పక్కపక్క ప్రాంతాలలో జరిగినవి. స్వతంత్ర యత్నాలుగా చూస్తే వాటి విలువ ఏడు కాదు, ఒకటి రెండుకు మించదు. పైగా శాసనసభకు ఓటు వేయడం, లోక్‌సభకు ఓటు వేయడం ఒకే ప్రయోగం కావు. పోటీచేసే అభ్యర్థులు వేరు, రాష్ట్రంలో అప్పటికి ప్రభుత్వం మారింది.

ఒక ఘటనను ఏ వర్గంలో చేర్చి లెక్కించాలి అన్న ఈ ప్రశ్నను జాన్ వెన్ 1866లోనే లేవనెత్తాడు. ఒక నియోజకవర్గంలో రాబోయే ఎన్నికను ఆ నియోజకవర్గపు పాత లోక్‌సభ ఎన్నికల సరసన చేర్చవచ్చు, అక్కడి శాసనసభ ఎన్నికల సరసన చేర్చవచ్చు, ఆ ఏడాది దేశంలో జరిగే ఇతర ఎన్నికల సరసన కూడా చేర్చవచ్చు. ఒక్కొక్క వర్గం ఒక్కొక్క భిన్నాన్ని ఇస్తుంది. ఫాన్ మీజెస్ మరింత కఠినంగా, దీర్ఘ శ్రేణిలో భాగం కాని ఒంటరి ఘటనకు సంభావ్యత అనే మాటే వర్తించదన్నాడు. బీమా సంస్థలు ఈ ఆక్షేపణను పట్టించుకోకుండా వయసు, వృత్తి, ఆరోగ్యం ప్రకారం మనుషులను వర్గాలుగా చేసి, ఒక్కొక్క వర్గంలో మరణాలను లెక్కపెట్టి ప్రీమియం నిర్ణయిస్తాయి. వర్గం సన్నబడేకొద్దీ అందులోని మనుషులు ఒకరికొకరు మరింత దగ్గరగా ఉంటారు గానీ, లెక్కపెట్టడానికి మిగిలేవారు తగ్గిపోతారు.